ఉచితంగా వచ్చిన ఆటలు, అందులో మన వాటా

సాహిత్య చరిత్ర రాయాలనుకునే ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ‘ప్రతి దొరుకుతుందా?’ అన్నదే. పాత పత్రికల్లో స్త్రీలు రాసిన కథల కోసం గ్రంథాలయాల చుట్టూ తిరిగిన మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి దొరకనప్పుడు దాని గురించి ఎవరో అన్న మాటే చరిత్రగా చలామణి అయిపోతుంది. కంప్యూటర్ ఆటల విషయంలోనూ జరిగింది ఇదే. అవి మగపిల్లల వ్యవహారమనీ, వాటిలో స్త్రీలు అలంకారాలేననీ మనం ఎప్పుడో తీర్పు చెప్పేసుకున్నాం. ఆ తీర్పులో నిజం లేకపోలేదు. కానీ మూల పాఠం చదవకుండా ఇచ్చిన తీర్పుని ఏ పరిశోధకురాలైనా ఎంతవరకు నమ్మగలదు?

ఆ పాఠాలు కొన్ని ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. నేను మాట్లాడుతున్నది రోల్ ప్లేయింగ్ గేమ్స్ గురించి. ఇందులో ఆడేవాళ్ళు ఒక పాత్రని తయారుచేసుకుంటారు. పేరు పెడతారు, స్త్రీయో పురుషుడో నిర్ణయిస్తారు, ఒక ఊహాలోకంలో తిరుగుతూ మనుషులతో మాట్లాడతారు, పోరాడతారు, దొరికిన పుస్తకాలు చదువుతారు. వంద గంటలు పట్టే నవల లాంటిది. దారి మాత్రం చదివేవాళ్ళే ఎంచుకోవాలి.

1997లో సియెర్రా కంపెనీ తన 1993 నాటి ‘బిట్రేయల్ ఎట్ క్రాండర్’ని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చింది. 2004లో ఎల్డర్ స్క్రోల్స్ ఆటల వరుసకి పదేళ్ళు నిండిన సందర్భంగా బెథెస్డా కంపెనీ ఆ వరుసలో మొదటిదైన ‘ఎరీనా’ (1994)ని అలాగే ఇచ్చింది. పదిహేనేళ్ళు నిండినప్పుడు, 2009లో, రెండో ఆట ‘డాగర్‌ఫాల్’ (1996)ని ఇచ్చింది. 2011లో జి.ఓ.జి. అనే అమ్మకపు సైట్లో ‘అల్టిమా 4’ (1985) ఉచితమైంది. 2022లో ఎరీనా, డాగర్‌ఫాల్ రెండూ స్టీమ్‌లోకి కూడా చేరాయి. పాత డాస్ కాలపు ఈ ఆటలు నేటి కంప్యూటర్ల మీద నడవాలంటే డాస్‌బాక్స్ లాంటి ప్రోగ్రామ్ కావాలి. అది కూడా ఉచితమే. కాబట్టి ఇప్పుడు వీటిని చదవడానికి డబ్బు అడ్డు కాదు.

అలాగని దీన్ని దానం అనుకుంటే పొరపాటు. కొత్త ఆటకి ప్రచారం కావాల్సినప్పుడో, వార్షికోత్సవం వచ్చినప్పుడో పాతది బయటికి వస్తుంది. హక్కులు మాత్రం ఇచ్చినవాళ్ళ దగ్గరే ఉంటాయి. క్రాండర్ తర్వాతి కాలంలో మళ్ళీ ధర కట్టి అమ్మకానికి వచ్చింది. అల్టిమా 4ని అభిమానులు ఏళ్ళ తరబడి తమ సైట్లలో పంచుకుంటూ ఉండగా, 2011లో హక్కుదారైన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాటిని తీసెయ్యమని నోటీసులు పంపింది. అదే ఏడాది ఆ ఆటని జి.ఓ.జి.లో ఉచితంగా పెట్టారు. ఉచితమే, కాకపోతే మేం చెప్పిన గుమ్మంలోంచే రావాలన్నమాట. 2019లో ఎల్డర్ స్క్రోల్స్‌కి పాతికేళ్ళు నిండాయని మూడో ఆట ‘మోరోవిండ్’ (2002)ని ఉచితంగా ఇచ్చినా, అది కొద్ది రోజుల ముచ్చటే.

సరే, వచ్చిన దాంట్లో ఏముంది? పక్కపక్కన పెట్టి చూస్తే ముందుగా కనబడేది, చరిత్ర మనం అనుకున్నంత తిన్నగా నడవలేదని. అల్టిమా 4లో ఆడేవాళ్ళు నైతిక ప్రశ్నలకిచ్చే జవాబుల్ని బట్టి ఎనిమిది వృత్తుల్లో ఒకటి వస్తుంది. మిగతా వృత్తుల వాళ్ళు దారిలో సహచరులుగా కలుస్తారు. మొత్తం ఎనిమిది మందిలో మరియా, జానా, జూలియా, కట్రీనా నలుగురూ స్త్రీలే. సరిగ్గా సగం. ఇది 1985 నాటి ఆట. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన క్రాండర్‌లో మనం నడిపించగలిగే పాత్రలు ఆరు. ఆరుగురూ మగవాళ్ళే. రచనా నైపుణ్యానికి పేరు తెచ్చుకున్న ఆట అది. అధ్యాయాలుగా నవలలా సాగుతుంది. ఆ నవలలో ఏ స్త్రీ వెంటా మనం నడవలేం. ‘కాలం గడిచేకొద్దీ పరిస్థితి మెరుగవుతుంది’ అనే అలవాటైన వాక్యం ఇక్కడ పనికిరాదు.

ఎల్డర్ స్క్రోల్స్ వరుసలోనూ ఇలాంటి మలుపే ఉంది. డాగర్‌ఫాల్‌లో స్త్రీ పాత్ర తీసుకున్నా, పురుష పాత్ర తీసుకున్నా బలం, తెలివి, చురుకుదనం లాంటి అంకెల్లో తేడా ఉండదు. ఆరేళ్ళ తర్వాత వచ్చిన మోరోవిండ్‌లో చాలా జాతుల్లో స్త్రీ ఒక లెక్కతో, పురుషుడు ఇంకో లెక్కతో మొదలవుతారు. డాగర్‌ఫాల్‌లో లేని తేడాని ఇక్కడ తెచ్చి పెట్టారు. శరీరాన్ని అంకెల్లోకి మార్చేటప్పుడు జెండర్ ఎలా చొరబడుతుందో చూపించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

డౌన్‌లోడ్ చేసుకున్న ఎరీనాలో ఒకటి లోపిస్తుంది, అట్టపెట్టె. 1994లో దుకాణంలో అమ్ముడైన పెట్టె మీద బొమ్మ మధ్యలో చాలీచాలని కవచం తొడుక్కున్న యోధురాలు నిలబడి ఉంటుంది. లోపల ఆటలో మనం స్త్రీగా కత్తి పట్టి ఒక సామ్రాజ్యమంతా తిరగొచ్చు. పెట్టె మీద ఆమె చూడ్డానికి, పెట్టె లోపల ఆమె చెయ్యడానికి. ఉచితంగా వచ్చేది లోపలి ఆట ఒక్కటే. అట్ట సంగతి తెలియకపోతే ఆ ఆటని ఎవరికి అమ్మజూశారో తెలియదు. ఆట ఆడకపోతే అట్ట చెప్పిన అబద్ధం తెలియదు.

ఇక, సాహిత్య విద్యార్థిగా నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది డాగర్‌ఫాల్‌లోని పుస్తకాలు. సుమారు 15,000 ఊళ్ళూ, సొరంగాలూ, గుళ్ళూ ఉన్న ఆ లోకంలో రాజ్యాధికారం చేతిలో ఉన్న రాణులు చాలామందే కనిపిస్తారు. వాళ్ళలో బరెంజయా ఒకరు. ఆమె మీద ఆటలో రెండు పుస్తకాలు దొరుకుతాయి. మొదటిది సామ్రాజ్యపు లేఖకుడు రాసిన అధికారిక జీవిత చరిత్ర. రెండోది పేరు చెప్పుకోని రచయిత రాసిన ‘రియల్ బరెంజయా’, అంటే అసలు బరెంజయా కథ. అధికారిక చరిత్ర మర్యాదగా దాటేసిన సంగతులు ఇందులో ఉన్నాయి. దొంగల గుంపులో చేరడం, చక్రవర్తితో సంబంధం, ఆ గర్భాన్ని చక్రవర్తి ఆజ్ఞతో ఆమె ఇష్టానికి విరుద్ధంగా తీయించడం. రాజ్యం స్త్రీ శరీరం మీద ఏం చేసిందో అధికారిక చరిత్రలో ఉండదనీ, పేరులేని ప్రతిలో ఉంటుందనీ ఒక ఆట 1996లోనే చెప్పింది.

ఇదే పుస్తకం మోరోవిండ్‌లోనూ ఉంది. కానీ రెండు ప్రతుల్నీ పోల్చి చదివితే, డాగర్‌ఫాల్ ప్రతిలో ఉన్న బాహాటమైన శృంగార వర్ణన తర్వాతి దాంట్లో కనిపించదు. బలవంతపు గర్భస్రావం మాత్రం అలాగే ఉంది. తొలగించాల్సినంత అసభ్యం అనిపించినది శృంగారం ఒక్కటే. హింసని యథాతథంగా ఉంచడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. తెలుగు పాఠకురాలికి ఇక్కడ ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ గుర్తుకు రాకుండా ఉండదు. కత్తిరించిన ముద్రణని పక్కన పెట్టి, బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని 1910లో వెలువరించింది. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. ముద్దుపళని నిజంగా బతికి రాసిన కవయిత్రి, బరెంజయా ఒక కల్పన. రెండింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పద్ధతి మాత్రం ఒకటే. పాత ప్రతి చేతిలో ఉంటేనే ఎవరి కత్తెర ఎక్కడ పడిందో చెప్పగలం. 1996 ప్రతి ఉచితంగా దొరకబట్టే నా పోలిక సాధ్యమైంది.

డౌన్‌లోడ్‌లో రానివాటి గురించి కూడా చెప్పుకోవాలి. అల్టిమాతో సమానంగా ఈ రకం ఆటలకి పునాది వేసిన ‘విజార్డ్రీ’ 1981లో వచ్చింది. అదే ఏడాది పదిహేనేళ్ళ అమ్మాయి ఒకరు దాన్ని తయారుచేసిన సర్‌టెక్ కంపెనీలో చేరారు. ఆట ఆడి తెలుసుకుని, దారి తప్పి ఫోన్ చేసేవాళ్ళకి జవాబులు చెప్పడం ఆమె ఉద్యోగం. ఆవిడే తర్వాత ఆటల రూపకర్తగా పేరు తెచ్చుకున్న బ్రెండా రొమేరో. ఆటని ఆడదగినదిగా నిలబెట్టిన శ్రమలో ఆ ఫోన్ జవాబులకీ వాటా ఉంది. అది ఏ ఫైల్లోనూ ఉండదు. ఆవిడ పైకొచ్చారు కాబట్టి మనకి తెలిసింది. పైకి రాని వాళ్ళ సంగతేమిటి? ఇంట్లో అయినా, ఆఫీసులో అయినా అవతలివాళ్ళ పని సాగేలా చూసే పని లెక్కలోకి రాదని మనకి బాగా తెలుసు.

ఇప్పుడు కూడా అదే జరుగుతోంది. అభిమానులు కొందరు ఏళ్ళ తరబడి జీతం లేకుండా కష్టపడి ‘డాగర్‌ఫాల్ యూనిటీ’ పేరుతో ఆ పాత ఆటని కొత్త యంత్రాల మీద నడిచేలా తిరిగి కట్టారు. 2023 చివరికి అది పూర్తి రూపానికి వచ్చింది. పాత ఆట ఈ రోజు హాయిగా ఆడగలుగుతున్నామంటే ఆ శ్రమ వల్లే. అది ఎంత ప్రేమతో చేసిన పనైనా శ్రమే. ఆట హక్కులు మాత్రం కంపెనీవే.

ఉచితానికీ స్వేచ్ఛకీ తేడా తెలియాలంటే రొబెర్టా విలియమ్స్ ‘మిస్టరీ హౌస్’ని చూడాలి. అది రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు, అడ్వెంచర్ ఆట. 1980లో ఒక స్త్రీ కథ అల్లి, బొమ్మలు గీసి, భర్త ప్రోగ్రామింగ్‌తో తయారుచేసింది. సియెర్రా కంపెనీ చరిత్ర ఆ ఆటతోనే మొదలైంది. 1987లో కంపెనీ ఏడో వార్షికోత్సవానికి దాన్ని పబ్లిక్ డొమైన్‌లోకి వదిలేశారు. డౌన్‌లోడ్ చేసుకోవడమే కాదు, మార్చుకోవచ్చు, తిరగరాయొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. 2005లో ఎమిలీ షార్ట్, మరో ఇద్దరు రచయితలు కలిసి దాన్ని విప్పి, ఎవరైనా తిరగరాసుకునేలా సిద్ధం చేశారు. కొందరు కళాకారులు తమ తమ మిస్టరీ హౌస్‌లు తయారుచేశారు. ఎరీనాతోగానీ డాగర్‌ఫాల్‌తోగానీ కంపెనీని అడగకుండా అలా చెయ్యలేం.

ఉచితంగా వచ్చినదాన్ని వద్దనక్కర్లేదు. ఆడదాం, చదువుదాం, ప్రతుల్ని పోల్చి తేడాలు రాసి పెట్టుకుందాం. పెట్టె బొమ్మలూ, మాన్యువళ్ళూ, పనిచేసిన స్త్రీల మాటలూ వేరే చోట్ల వెతికి వాటి పక్కన చేర్చాల్సిందీ మనమే. హక్కుదారులు ఎప్పుడు ఏది ఇస్తారో, ఎప్పుడు వెనక్కి తీసుకుంటారో మన చేతిలో లేదు. అందుబాటులో ఉన్నంతలో చదివిన వాళ్ళదే చరిత్ర అవుతుంది. ఆ చదివేవాళ్ళలో మనం ఉండాలి.