మౌనంగా కూర్చోవడానికి ఒక చోటు



కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తూ కూర్చునే చోట, ఎవరు ఎవరిని ప్రేమిస్తారన్న ప్రశ్న ఎందుకు వస్తుంది? స్త్రీలను ప్రేమించే స్త్రీలకు, అంటే లెస్బియన్లకు, వేరే ధ్యానసంఘం దేనికి? అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిగిన చరిత్ర దీనికి సమాధానం చెబుతుంది.

కథకు మూలం బర్మాలో ఉంది. ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ ఊ బా కిన్ 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం నెలకొల్పారు. ఆయన శిష్యుడు సత్యనారాయణ గోయెంకా. మహారాష్ట్రలోని ఇగత్‌పురి కేంద్రం వల్ల ఆయన పేరు మనలో చాలామందికి తెలిసిందే. మరొక శిష్యురాలు రూత్ డెనిసన్. 1922లో జర్మనీలో పుట్టి, తరువాత అమెరికాలో స్థిరపడిన ఆమెకు, ధ్యానం బోధించే అధికారం గురువే ఇచ్చారు.

ఆమె మొజావే ఎడారిలో, జాషువా ట్రీ దగ్గర, 'ధమ్మ దేన' కేంద్రం నడిపారు. అమెరికాలో స్త్రీలకు మాత్రమే విపశ్యన శిబిరాలు మొదట నిర్వహించింది ఆమేనంటారు. వాటికి లెస్బియన్లు ఎందరో వచ్చారు. డెనిసన్ తాను వివాహిత. అయినా వచ్చినవారిని వారుగానే కూర్చోనిచ్చారు. నడక, కదలిక, నాట్యం కూడా సాధనలో చేర్చారు. సంప్రదాయవాదులకు అది రుచించలేదు.

ధ్యానమందిరంలో మౌనం ఉంటుంది, నిజమే. కాని మౌనానికి ముందూ వెనుకా మనుషుల మాటలుంటాయి. ఉపన్యాసంలో ఉదాహరణలన్నీ భార్యాభర్తలవే అయితే, తన జీవితాన్ని దాచుకున్న మనిషి ఎక్కడ కూర్చోవాలి? పంచశీలలో మూడవది కామంలో తప్పు నడవడి కూడదంటుంది. దాని అర్థం మీద వాదం ఉంది. 1997 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో దలైలామా స్వలింగప్రియులైన బౌద్ధుల ప్రతినిధులను కలిశారు. సంప్రదాయ గ్రంథాల నిషేధాన్ని కాదనలేదు. వారి పట్ల వివక్ష మాత్రం కూడదన్నారు.

డెనిసన్ శిష్యురాలు అరినా వైస్‌మన్ లెస్బియన్లకూ, వారివంటి ఇతరులకూ ప్రత్యేక శిబిరాలు నడిపారు. 2007లో ఓక్లాండ్‌లో ఈస్ట్ బే మెడిటేషన్ సెంటర్ తలుపులు తెరిచింది. అక్కడ రుసుము లేదు, ఇవ్వగలిగినంత దానమే. అత్తరు వాసన పడనివారి కోసం, సుగంధాలు పూసుకోకుండా రమ్మంటారు. లెస్బియన్లూ ఇతరులూ కలిసి కూర్చునే బృందం అందులో ఏర్పడింది. అందరినీ కలుపుకోవడమంటే ఇలాంటి చిన్న ఏర్పాట్లే. రండి అని పిలవడంతో పని పూర్తి కాదు, వచ్చినవారు ఉండగలగాలి.

2015లో డెనిసన్ కన్నుమూశారు. ఆమె శిష్యులు బోధన కొనసాగించారు.

పొరుగు రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మనం తెలుగు సంఘం పెట్టుకుంటాం. ఇరుగుపొరుగు మీద అలిగి కాదు. మన మాటకు సంజాయిషీ చెప్పుకోనక్కరలేని చోటు ఒకటుండాలని. ఆ స్త్రీలు కోరిందీ అదే. భయం దించుకోనిదే మనసును చూడలేం. మౌనం ఆ తరువాతి మాట.