దుకాణం పోయినా నిలిచిన పేరు: హైదరాబాదు ఆబిడ్స్

పశ్చిమ కర్నూలు ప్రాంతంలోని ఎమ్మిగనూరులో సోమప్ప సర్కిల్ ఉంది. 1938లో అక్కడ చేనేతకారుల సహకార సంఘాన్ని నెలకొల్పిన మాచాని సోమప్ప స్మృతిని నిలుపుతున్న పేరు అది. ఆ పేరు వెనుక ఉన్న వ్యక్తీ కారణమూ స్పష్టం. హైదరాబాదులోని ఆబిడ్స్ కూడా ఒక వ్యక్తి పేరే. కాని దానిని స్మారకంగా ఎవరూ పెట్టలేదు. ఒక దుకాణానికి ఆనవాలుగా జనం పలుకగా పలుకగా అది నగరంలో ఒక పేటకు పేరైంది. ఆ దుకాణ భవనం నేడు లేదు.

ఆల్బర్ట్ ఆబిడ్ ఆర్మీనియన్ సంతతివాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1869-1911) అంతరంగిక పరిచారకుడు. ప్రభువు ఉడుపుల పర్యవేక్షణ అతని కొలువు. ఆ కొలువు ఎంతటిదో పురానీ హవేలీలో ఇప్పటికీ ఉన్న పొడవాటి అల్మారాల వరుస చూస్తే తెలుస్తుంది. నిజాం వాడి వదిలిన వస్తువులనే ఆబిడ్ తిరిగి ఆయనకే అమ్మాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నగర చరిత్ర చెప్పేవారు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. కథ రసవత్తరమే, ఆధారంగా మాత్రం బలహీనం.

అంతకంటె గట్టి ఆధారం 1891 నాటి కలకత్తా హైకోర్టు వ్యాజ్యం. వజ్రాల వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జేకబ్ 46 లక్షల రూపాయలకు ఒక వజ్రాన్ని నిజాంకు అమ్మజూపినప్పుడు బేరం నడిపిన మధ్యవర్తి ఆబిడే. నిజాం 23 లక్షలు ముందుగా చెల్లించి, వజ్రాన్ని చూశాక వద్దనడంతో వివాదం న్యాయస్థానానికి చేరింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. 184.75 క్యారట్ల ఆ వజ్రం చివరకు నిజాం ఖజానాకే చేరి, 1995లో ఇతర ఆభరణాలతో పాటు భారత ప్రభుత్వపరమైంది. ఈ వ్యవహారంలో కనిపించే ఆబిడ్ పాత మేజోళ్లు దాచుకునే నౌకరు కాడు. ప్రభువును చేరే ప్రతి విలువైన సరుకుకూ ద్వారం వద్ద నిలిచిన దళారి. అతని దుకాణాన్ని ఆ దళారీతనం వీధిలోకి వచ్చిన రూపంగానే చూడవలసి ఉంటుంది.

తరువాతి కాలంలో ప్యాలెస్ టాకీస్ నడిచిన చోటే ఆ దుకాణం ఉండేదని చెబుతారు. ఆ టాకీసు కూడా పోయి వాణిజ్య సముదాయం వచ్చింది. అంటే స్థలం మళ్లీ అంగళ్ల చేతికే వచ్చింది.

సమీపంలోని సుల్తాన్ బజారు కథ వేరు. రెసిడెన్సీ బజార్లుగా బ్రిటిషువారి అధీనంలో ఉన్న ఆ ప్రాంతం 1933లో నిజాంకు తిరిగి దక్కాక వచ్చిన అధికారిక నామం అది. ఆబిడ్స్‌కు అటువంటి ఉత్తర్వు ఏదీ అవసరం కాలేదు.

తెలుగు స్థలనామ పరిశీలకులకు ఇక్కడ మరొక విశేషం ఉంది. పేరు చివరి ‘స్’ బహువచనం కాదు. ‘ఆబిడ్ యొక్క’ అనే అర్థమిచ్చే ఆంగ్ల షష్ఠీ చిహ్నం. మద్రాసు స్పెన్సర్స్‌లోనూ ఇదే తీరు. అయితే స్పెన్సర్స్ దుకాణం పేరుగానే మిగిలింది. ఇక్కడ షష్ఠికి అన్వయించవలసిన ‘దుకాణం’ అనే విశేష్యం జారిపోయింది. ప్రత్యయం ప్రాతిపదికలో కలిసిపోయింది. దాని మీద మళ్లీ తెలుగు విభక్తులు చేరి ఆబిడ్స్‌లో, ఆబిడ్స్‌కు, ఆబిడ్స్ నుంచి అయ్యాయి. ‘ఆబిడ్స్‌లో కొన్నాను’ అనే నేటి వాక్యం ఒకప్పుడు ఒకే ఒక దుకాణాన్ని ఉద్దేశించినది.