గోల్డెన్‌రాడ్‌లను విడదీసిన కథ

పెళ్లి రిసెప్షన్లలో ఇచ్చే బొకేలను మీరందరూ చూసే ఉంటారు. గులాబీల మధ్య ఖాళీ కనబడకుండా సన్నటి పసుపు పూల రెమ్మలు గుచ్చుతారు కదా, బెంగళూరు పూల అంగళ్లలో వాటిని గోల్డెన్‌రాడ్ అంటారు. మనమూ ఆ పేరే వాడదాం. ఇది చామంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబానికి చెందిన మొక్క. సొంత ఊరు ఉత్తర అమెరికా. అక్కడ ఆగస్టు, సెప్టెంబరు వచ్చిందంటే రోడ్ల పక్కన, బీడు భూముల్లో ఎక్కడ చూసినా ఇదే పసుపు. కానీ అదంతా ఒకే మొక్క కాదు. ప్రపంచంలో గోల్డెన్‌రాడ్ జాతులు దాదాపు వంద ఉన్నాయి, ఎక్కువ భాగం అమెరికావే. వాటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి శాస్త్రవేత్తలకు రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

చిక్కు మొదలైంది అమెరికాలో కాదు, స్వీడన్‌లో. 1753లో లిన్నేయస్ తన 'స్పీసీస్ ప్లాంటారం' గ్రంథంలో మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టాడు. సొలిడాగో కెనడెన్సిస్, సొలిడాగో అల్టిస్సిమా అనే పేర్లు అందులోవే. అయితే ఆయన అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన శిష్యుడు పేర్ కాల్మ్ 1748 నుంచి 1751 దాకా అక్కడ తిరిగి మొక్కలు తెచ్చాడు. మరికొన్ని యూరప్ తోటల్లో పెంచినవి. గ్రంథంలో ఒక్కో మొక్క గురించి ఉన్నది కొద్ది పంక్తులే. పైగా, బీడులో మోకాలెత్తు పెరిగే మొక్క తోటలో ఎరువు తిని మనిషెత్తు పెరగవచ్చు. దాన్ని చూసి పేరు పెడితే ఏమవుతుంది? తర్వాత పారిస్, బెర్లిన్, లండన్‌లలో ఎవరికి వారు పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఒకే మొక్కకు నాలుగు పేర్లు, ఒకే పేరుకు నాలుగు మొక్కలు తయారయ్యాయి.

దీన్ని సరిచేయడానికి పూనుకున్నవాడు హార్వర్డ్ ప్రొఫెసర్ ఏసా గ్రే. నాకు ఈ చరిత్రలో అందరికంటే నచ్చిన మనిషి ఆయనే. యువకుడిగా ఉన్నప్పుడే జాన్ టోరీతో కలిసి అమెరికా మొక్కల గురించి పెద్ద గ్రంథం రాశాడు. అయినా గోల్డెన్‌రాడ్‌ల లెక్క తేలలేదు. లిన్నేయస్ ఏ మొక్కను చూసి ఆ పేరు పెట్టాడో తెలియాలంటే ఆయన కాగితానికి అంటించి ఉంచిన ఎండు మొక్కనే చూడాలి. అది స్వీడన్‌లో కూడా లేదు. లిన్నేయస్ చనిపోయాక 1784లో ఆ సేకరణనంతా జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇంగ్లీషు ఆయన కొనేశాడు. ఇప్పటికీ అది లండన్‌లోనే ఉంది. గ్రే డెబ్బై ఏళ్ల వయసులో సముద్రం దాటి యూరప్ వెళ్లి, పాత సేకరణల్లోని కాగితాలు ఒక్కొక్కటీ తీసి చూశాడు. చూసినది 1882లో ప్రచురించాడు. తమ దేశంలో ఇంటి వెనక పెరిగే మొక్క పేరు కోసం అంత దూరం పోవలసి వచ్చింది!

అయినా తగువు ఆగలేదు. 20వ శతాబ్దంలో కూడా చాలా పుస్తకాలు అల్టిస్సిమాను కెనడెన్సిస్‌లోనే ఒక రకంగా కలిపేశాయి. 2006లో వచ్చిన 'ఫ్లోరా ఆఫ్ నార్త్ అమెరికా' సంపుటం రెండింటినీ వేరు జాతులుగా పెట్టింది. తేడా తెలియాలంటే భూతద్దం పట్టుకుని కాండం చూడాలి. కెనడెన్సిస్ కాండానికి కింది భాగం నున్నగా, పై భాగం నూగుగా ఉంటుంది. అల్టిస్సిమాకు కింది నుంచి పై దాకా నూగే. వీటితో పాటు పెరిగే గైగాంటియా కాండం పూల గుత్తి కిందిదాకా నున్నగా, తెల్లటి పొడి పూసినట్టు ఉంటుంది. కణాల్లో క్రోమోజోములు లెక్కపెడితే కెనడెన్సిస్‌లో 18, తూర్పు అమెరికాలోని అల్టిస్సిమాలో సాధారణంగా 54 ఉంటాయి. గోల్డెన్‌రాడ్ కాండంలో గుడ్లు పెట్టి, గోలీ లాంటి బుడిపె లేపే ఒక ఈగ ఉంది. అది ఎక్కువగా అల్టిస్సిమా, గైగాంటియాలనే ఎంచుకుంటుంది. దానికి భూతద్దం అక్కరలేదు మరి.

జాతి ఏదైతే ఏమిటి, పువ్వు పువ్వే కదా అనుకోవచ్చు. థామస్ ఎడిసన్‌కు అలా కుదరలేదు. విదేశీ రబ్బరు మీద ఆధారపడకూడదని ఆయన, హెన్రీ ఫోర్డ్, హార్వీ ఫైర్‌స్టోన్ కలిసి 1927లో ఒక పరిశోధన సంస్థ పెట్టారు. వేల మొక్కలను పరీక్షించి చివరికి గోల్డెన్‌రాడ్‌ను ఎంచుకున్నారు. అందులోనూ సొలిడాగో లెవెన్‌వర్తీ అనే జాతి మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. 1931లో ఎడిసన్ చనిపోయాడు. ఆ రబ్బరు వ్యాపారం దాకా రాలేదు.

పోలికల వల్ల కాదు గాని, ఒకే కాలంలో పూయడం వల్ల గోల్డెన్‌రాడ్ మీద పడ్డ నింద ఇంకొకటి ఉంది. ఆ నెలల్లో అమెరికాలో చాలామందికి ముక్కు కారుతుంది, తుమ్ములు ఆగవు. ఎదురుగా కళ్లు చెదిరే పసుపు పూలు కనిపిస్తుంటే జనం దాన్నే తిట్టారు. నిజానికి గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. తేనెటీగల కాళ్లకు అంటుకుని పోతుందే గాని గాలిలో పెద్దగా ఎగరదు. గాలిలో పుప్పొడి వదిలేది పక్కనే ఆకుపచ్చ పూలతో, ఎవరి కంటా పడకుండా నిలబడ్డ ర్యాగ్‌వీడ్ అనే మొక్క. మన రోడ్ల పక్కన కనబడే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, ఈ ర్యాగ్‌వీడ్‌కు దగ్గరి చుట్టమే.