నెరసిన తలలు – బిగిసిన పిడికిళ్లు

తెలుగున ‘ముష్టి’ యను మాటకు రెండర్థములు గలవు. కావ్యములలో అది పిడికిలి. వీథిలో అది భిక్షము. ముష్టియుద్ధముల చరిత్రను పరికించినవారికి ఈ రెండర్థములును మిక్కిలి దూరమైనవి కావని తోచును. ఈ సంగతిని విన్నవించుటకు మేమొక హాస్యచిత్రమును ఆధారముగా గొనుచున్నాము.

2013వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన అమెరికాలో ‘గ్రడ్జ్ మ్యాచ్’ అను చిత్రము విడుదలయ్యెను. దర్శకుడు పీటర్ సీగల్. కథ పిట్స్‌బర్గు నగరమున జరుగును. ఇద్దరు యోధులు యౌవనమున రెండుమార్లు తలపడి చెరియొక గెలుపును పొందిరి. మూడవ పోటీకి ముందే వారిలో నొకడు బరిని విడిచెను. ముప్పదియేండ్లు గడచిన పిమ్మట, డబ్బు కరవై, ఆతడే మరల పిడికిలి బిగింపవలసి వచ్చెను. ఆ పాత్రను సిల్వెస్టర్ స్టాలోన్ ధరించెను. ప్రత్యర్థి రాబర్ట్ డి నీరో. నాటికి మొదటివారికి 67 ఏండ్లు, రెండవవారికి 70.

హాస్యమునకు కీలకము ఈ యిద్దరిని ఎన్నుకొనుటలోనే యున్నది. 1976లో వచ్చిన ‘రాకీ’ చిత్రమునకు స్టాలోన్ తానే కథ వ్రాసి, తానే నాయకుడుగా నటించెను. దానికి ఉత్తమ చిత్రముగా ఆస్కారు బహుమానము లభించెను. 1980 నాటి ‘రేజింగ్ బుల్’ చిత్రమున డి నీరో, జేక్ లమోటా యను నిజమైన యోధుని పాత్రను ధరించి, వయసు మళ్లిన లమోటాను చూపుటకై సుమారు 60 పౌనుల బరువు పెరిగి, ఉత్తమ నటుడని పేరొందెను. ప్రేక్షకుడు తెరపై ముడుతలు పడిన దేహములను చూచుచు, మనస్సున ఆ తొల్లిటి దేహములను తలచుకొనును. ఈ రెంటి నడుమ నున్న దూరమే నవ్వునకు మూలము.

ముష్టియుద్ధమును నవ్వుల పాలు చేయుట క్రొత్త కాదు. 1915లో చార్లీ చాప్లిన్ ‘ది చాంపియన్’ చిత్రమునను, 1926లో బస్టర్ కీటన్ ‘బాట్లింగ్ బట్లర్’ చిత్రమునను ఆ పని చేసిరి. 1931 నాటి ‘సిటీ లైట్స్’లో చాప్లిన్, అంధురాలైన యొక బాలికకు ధనసహాయము చేయగోరి బరిలోనికి దిగి, దెబ్బలు తిని, రిక్తహస్తములతో మరలెను. నాటి హాస్యము బలహీనుడు బలవంతునితో పోరుట. నేటి హాస్యము బలవంతుడు తన వయస్సుతోనే పోరుట.

నిజమైన బరిలో ఇట్టి పోరాటము నవ్వు పుట్టించునది కాదు. జో లూయీ 1937 మొదలు 1949 వరకు ప్రపంచ హెవీవెయిట్ విజేతగా నుండి విరమించెను. పన్ను బాకీలు తరుముచుండగా 1950లో మరల బరి నెక్కి, ఎజార్డ్ చార్లెస్ చేతిలో ఓడెను. 1951లో, 37వ యేట, రాకీ మార్సియానో దెబ్బకు ఎనిమిదవ రౌండులో కూలెను. తుదకు లాస్ వేగాస్ నగరమున నొక జూదశాలలో అతిథులను పలుకరించు కొలువున చేరెను. పిడికిలి విప్పిన చేయి ఎట్టిదో ఇచ్చట కాననగును.

అయినను నవ్విన నాపచేనే పండుటయు గలదు. 1974లో మహమ్మదాలీ చేతిలో ఓడిన జార్జి ఫోర్మన్, పదేండ్లు బరికి దూరముగా నుండి, 1987లో తిరిగి వచ్చినప్పుడు పలువురు పరిహసించిరి. 1994 నవంబరులో, 45వ యేట, ఆతడు మైకేల్ మూరర్‌ను పడగొట్టి పోగొట్టుకొన్న పదవిని మరల గైకొనెను.

విమర్శకులు ‘గ్రడ్జ్ మ్యాచ్’ను అంతగా మెచ్చుకొనలేదు. ఐనను అందలి యొక ఘట్టము మాకు మరపునకు రాదు. ప్రత్యర్థికి ఒక కంట చూపు లేదని తెలిసికొన్న యోధుడు, ఆ వైపున కొట్టుట మానివేయును. ముప్పదియేండ్ల పగ ఆ క్షణమున మర్యాదగా మారును.

తెరపై పడిన వృద్ధుడు లేచి నవ్వుచు ఇంటికి పోవును. బరిలో పడినవాని సంగతి వేరు. మన మొకనాడు చప్పట్లు కొట్టిన చేతులు వృద్ధాప్యమున ఎవరి యెదుటను చాపబడకుండుగాక యని కోరుట, నవ్వి వచ్చిన ప్రేక్షకునికి తగిన పని యని మా తలంపు.