సౌదీ, దుబాయ్ బిల్లుల్లో వ్యాట్ ఎంత? ధరలోంచి పన్నును విడదీసే లెక్క ఇదీ

జెద్దాలో 1,150 రియాళ్లు పెట్టి ఒక ఫోన్ కొన్నారనుకోండి. అందులో వ్యాట్ ఎంత? చాలామంది కాలిక్యులేటర్ తీసి 1,150కి 15 శాతం కొట్టేసి 172.50 రియాళ్లు అంటారు. అది తప్పు. అసలు వ్యాట్ 150 రియాళ్లే. ఈ 22.50 రియాళ్ల తేడా కొనేవాళ్లకు పెద్దగా పట్టకపోవచ్చు. కానీ గల్ఫ్‌లో బకాలా, మొబైల్ షాపు, టైలర్ దుకాణం నడుపుతున్న మనవాళ్లకు, ఆ దుకాణాల్లో లెక్కలు రాసే మన పిల్లలకు ఇదే తప్పు మూడు నెలలు తిరిగేసరికి వేల రియాళ్లు అవుతుంది.

ముందు రేట్లు తెలుసుకుందాం. సౌదీ అరేబియా, యూఏఈల్లో వ్యాట్ 2018 జనవరి 1న 5 శాతంతో మొదలైంది. యూఏఈలో ఇప్పటికీ అదే 5 శాతం. సౌదీ మాత్రం 2020 జూలై 1 నుంచి ఒకేసారి 15 శాతం చేసింది. బహ్రెయిన్‌లో 2019లో 5 శాతంతో వచ్చి, 2022 జనవరి నుంచి 10 శాతం అయింది. ఒమన్‌లో 2021 ఏప్రిల్ 16 నుంచి 5 శాతం. సౌదీలో ఈ పన్ను చూసే సంస్థ పేరు జకాత్, ట్యాక్స్ అండ్ కస్టమ్స్ అథారిటీ. పేరులో జకాత్ ఉంది కదా అని రెండూ ఒకటే అనుకోవద్దు. వ్యాట్ వేరు, జకాత్ వేరు.

ఇక లెక్క. పన్ను లేని ధర తెలిస్తే పని తేలిక. 1,000 రియాళ్ల వస్తువు మీద 15 శాతం అంటే 150, మొత్తం 1,150. చిక్కంతా వెనక్కి రావడంలోనే ఉంది. 1,150లో అసలు ధర 100 భాగాలు, పన్ను 15 భాగాలు, మొత్తం 115 భాగాలు. కాబట్టి మొత్తాన్ని 115తో భాగించి 15తో గుణించాలి. అప్పుడే 150 వస్తుంది. మొత్తం మీద నేరుగా 15 శాతం వేస్తే, కట్టిన పన్ను మీద మళ్లీ పన్ను వేసినట్టే.

యూఏఈ, ఒమన్‌లలో ఇంకా సులువు. పన్ను కలిపిన మొత్తాన్ని 21తో భాగిస్తే చాలు. 105 దిర్హాముల్లో పన్ను 5 దిర్హాములు. బహ్రెయిన్‌లో 11తో భాగించాలి. సౌదీకైతే మొత్తాన్ని 23తో భాగించి 3తో గుణించినా అదే జవాబు. కాగితం మీద లెక్క వేసేవాళ్లకు నేనైతే ఇదే చెప్తాను.

దుకాణం నడిపేవాళ్ల సంగతి కాస్త వివరంగా చూద్దాం. రియాద్‌లో ఒక మొబైల్ షాపులో మూడు నెలల అమ్మకం పన్నుతో కలిపి 4,60,000 రియాళ్లు. అందులో వ్యాట్ 60,000. సరుకు కొన్నది పన్నుతో కలిపి 3,45,000 రియాళ్లకు. హోల్‌సేల్ బిల్లుల్లో కట్టిన వ్యాట్ 45,000. అమ్మకాల మీది పన్నులోంచి కొనుగోళ్ల మీది పన్ను తీసేస్తే కట్టాల్సింది 15,000 రియాళ్లు. ఇదే మనిషి గల్లాపెట్టె మొత్తం మీద నేరుగా 15 శాతం వేస్తే 69,000 వస్తుంది. అంటే 24,000 కట్టాలి. ఎవరూ అడగని 9,000 రియాళ్లు తన జేబులోంచి పోయినట్టే.

నష్టం ఇంకో దారిలో కూడా వస్తుంది. కొన్న సరుకులో 57,500 రియాళ్లదానికి సరైన పన్ను బిల్లు లేదనుకోండి, ఏదో తెల్లకాగితం మీద రాసిచ్చారు. అందులోని 7,500 రియాళ్ల వ్యాట్‌ను తగ్గించుకునే హక్కు ఉండదు. కొంచెం తక్కువకు వస్తోందని బిల్లు లేకుండా సరుకు తెచ్చుకునేవాళ్లు ఈ హిసాబు ఒకసారి వేసుకోవాలి.

డిస్కౌంట్ ఇస్తే పన్ను తగ్గించిన ధర మీదే. పన్నుతో కలిపి 230 రియాళ్లున్న చెప్పుల జత మీద 20 శాతం తగ్గిస్తే 184. అందులో వ్యాట్ 24 రియాళ్లు. పాత ధర మీద 30 రియాళ్ల పన్ను రాస్తే ఆ బిల్లు తప్పే.

కొనేవాళ్లకు ముఖ్యమైన విషయం ఒకటుంది. సౌదీలో అయినా యూఏఈలో అయినా సాధారణ కస్టమర్‌కు చూపించే ధరలో వ్యాట్ కలిపే ఉండాలి. రాక్‌లో 50 అని రాసి, కౌంటర్ దగ్గర 57.50 అడిగితే ఒప్పుకోవాల్సిన పని లేదు. రిజిస్ట్రేషన్ లేని దుకాణానికైతే అసలు వ్యాట్ వసూలు చేసే అధికారమే లేదు. సౌదీలో ఏడాదికి 3,75,000 రియాళ్లు, యూఏఈలో 3,75,000 దిర్హాములు దాటి పన్ను పడే అమ్మకాలుంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంతకంటే చిన్న దుకాణాల్లో చాలావాటికి అది ఉండకపోవచ్చు.

మరి ఎలా తెలుస్తుంది? ఫాతూరా చూడండి. రెండు దేశాల్లోనూ పన్ను నంబరులో 15 అంకెలుంటాయి. సౌదీ నంబరు 3తో మొదలై 3తోనే ముగుస్తుంది. దుకాణం పేరు, తేదీ, వ్యాట్ మొత్తం విడిగా ఉండాలి. సౌదీలో 2021 డిసెంబర్ 4 నుంచి రిజిస్టర్డ్ వ్యాపారులంతా ఎలక్ట్రానిక్ బిల్లే ఇవ్వాలి, చేతిరాత బిల్లు చెల్లదు. మామూలు కస్టమర్‌కు ఇచ్చే బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. నంబరు నిజమైనదో కాదో ఆయా దేశాల పన్ను సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు.

కుటుంబాలు ఉండే ఇంటి అద్దె మీద సౌదీలోనూ యూఏఈలోనూ వ్యాట్ లేదు. షాపు అద్దె మీద ఉంటుంది. ఇంటికి డబ్బు పంపేటప్పుడు మీరు పంపే మొత్తం మీద వ్యాట్ పడదు, సర్వీస్ ఫీజు మీద మాత్రమే పడుతుంది. సౌదీలో ఫీజు 20 రియాళ్లయితే వ్యాట్ 3 రియాళ్లు, మొత్తం 23. మీరు 1,000 పంపినా 5,000 పంపినా లెక్క అదే.

దుబాయ్‌లో నగ కొంటే బంగారం 5,000, మజూరీ 500 దిర్హాములనుకుందాం. రెండూ కలిపిన 5,500 మీద 5 శాతం, అంటే 275. చేతికి వచ్చే బిల్లు 5,775. విజిట్ వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలు కొంటే, ఆ దుకాణం టూరిస్ట్ రీఫండ్ పథకంలో ఉంటే, బిల్లు కనీసం 250 దిర్హాములైతే, ఎయిర్‌పోర్ట్‌లో ఇందులో చాలా భాగం వెనక్కి తీసుకోవచ్చు. కొంత ఫీజు పట్టుకుంటారు. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి రీఫండ్ అడగాలి, తర్వాత అడిగితే కుదరదు. అక్కడ ఇఖామా మీద ఉంటున్నవాళ్లకు ఈ సౌకర్యం లేదు.

ఇదే పద్ధతి మన దగ్గర జీఎస్టీకీ పనికొస్తుంది. 2017 జూలై 1 తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వ్యాట్ ప్రధానంగా పెట్రోల్, డీజిల్, మద్యానికే మిగిలింది. 18 శాతం జీఎస్టీ కలిపి 11,800 రూపాయల బిల్లు వస్తే 118తో భాగించి 18తో గుణించండి, పన్ను 1,800 అని తేలుతుంది. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి దాని మీద మళ్లీ జీఎస్టీ వేయకూడదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న దుకాణమో హోటలో అయితే బిల్లులో జీఎస్టీ అనే లైనే ఉండకూడదు. ఉంటే కౌంటర్ దగ్గరే అడగండి.