పక్షవాతపు కాలికి నీరు పట్టుట

పక్షవాతము వచ్చి కోలుకొనుచున్న వారి ఇంట కొలది వారములకే ఒక కొత్త దిగులు బయలుదేరుట కలదు. పడిపోయిన వైపు పాదము సాయంకాలమునకు ఉబ్బును. వ్రేలితో నొక్కినచో గుంట పడును. కాలికి నీరు పట్టినదందుము. మన నుడికారము ఇచ్చట తప్పు కాదు, అది నీరే. అది ఎట్లు చేరుచున్నదో తెలియుటకు మాత్రము వైద్యులకు దాదాపు మూడు వందల ఏండ్లు పట్టినది.

ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమున శరీర నిర్మాణ శాస్త్రము బోధించిన ఫాబ్రీషియస్, సిరలలో గల చిన్న తలుపులను గూర్చి 1603లో ఒక గ్రంథము ప్రకటించెను. రక్తము కాలేయమున పుట్టి సిరల వెంట అవయవములకు పోవునని ఆనాటి నమ్మకము. ఆ తలుపులే లేనిచో రక్తము కాళ్లలోనికి దిగజారి అవి నిత్యము వాచియుండునని ఆయన తలచెను. వాపు సంగతి ఆయనకు తట్టినది. రక్తపు దారి మాత్రము తలక్రిందులైనది. దానిని సరిదిద్దినవాడు ఆయన శిష్యుడే. ఆంగ్లేయుడైన విలియం హార్వే 1628లో, ఆ తలుపులు గుండెవైపు పోవు రక్తమును వెనుకకు రానీయకుండుటకే ఉన్నవని నిరూపించెను. చేతికి కట్టు బిగించి, ఉబ్బిన సిరపై వ్రేలు జరిపి చూచుటయే ఆయన పరీక్ష! అంతటి మహనీయుడును 1657లో పక్షవాతమున మాట పడిపోయి మరణించెనని జీవితచరిత్రకారుడు ఆబ్రీ వ్రాసెను.

మరి పాదమునుండి రక్తమును పైకి నెట్టునదేది? ముఖ్యముగా పిక్క కండరము. కదలక నిలుచున్నవాని పాదపు సిరలలో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్లు. నడచునప్పుడు అది సుమారు 30కి దిగును. పడిపోయిన కాలిలో ఈ తోడు యంత్రము ఆగును. రోగిని కుర్చీలో కాళ్లు వ్రేలాడునట్లు కూర్చుండబెట్టినచో ఒత్తిడి అట్లే నిలిచిపోవును. సన్నని నాళములనుండి ఒత్తిడి నీటిని వెలికి నెట్టుననియు, రక్తములోని మాంసకృత్తులు దానిని లోనికి లాగుననియు లండనులో స్టార్లింగ్ 1896లో తెలిపెను. నెట్టుట మిక్కుటమైనచో నీరు వెలుపలనే మిగులును. దిండుపై కాలు ఎత్తి ఉంచుట, మడమను మెల్లగా ఆడించుట మేలు చేయునది ఇందుచేతనే.

నిలిచిన రక్తము గడ్డకట్టవచ్చును. కాలిలోని గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరునని జర్మను వైద్యుడు విర్ఖో 1856 నాటికే చూపెను. పక్షవాతమనగానే నూనె తెచ్చి మర్దన చేయుట మన ఇండ్ల అలవాటు. ఒక్క కాలు హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉన్నచో దానిని రుద్దరాదు. ఆనాడే వైద్యునికి చూపవలెను. ఆయాసమో ఛాతీ నొప్పియో తోడైనచో క్షణమైనను ఆలసింపరాదు. రెండు పాదములును వాచినచో గుండె, మూత్రపిండముల మాట విచారింపవలెను. రక్తపోటుకు వాడు ఆమ్లోడిపిన్ మాత్రయు వాపు తెచ్చును.

గడ్డ కట్టకుండుటకు తొడవరకు బిగువైన మేజోళ్లు తొడుగుట ఆసుపత్రులలో చాలకాలము సాగినది. 2,500 మందికి పైగా పక్షవాత రోగులపై జరిపిన పరీక్ష ఫలితము 2009లో వెలువడినది: మేజోళ్ల వలన గడ్డలు చెప్పుకోదగినంత తగ్గలేదు, పైగా చర్మము చెడినవారు హెచ్చిరి. 2013లో బ్రిటనునుండి మరియొక ఫలితము వచ్చినది. గాలి నిండుచు తగ్గుచు కాలిని పిండు తొడుగులు వాడినవారిలో నూటికి 8.5 మందికి గడ్డలు కట్టగా, వాడనివారిలో 12.1 మందికి కట్టినవి. పిక్క కండరము చేయు పనినే ఆ తొడుగు చేయుచున్నది.