సెప్టిక్ ట్యాంకు: మడ్డి మిగిల్చిన చరిత్ర

ఇంటి మురుగును ఇంటి ఆవరణలోనే శుద్ధి చేసే సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని వెసూల్ పట్టణం. జాన్ లూయీ మురాస్ 1860 ప్రాంతంలో అక్కడ ఒక ఇంటికి గాలి చొరబడని రాతి తొట్టె కట్టాడు. కొన్నేళ్లకు తెరిచి చూస్తే అనుకున్నంత మడ్డి కనిపించలేదట. 1881లో దానికి పేటెంటు వచ్చింది. మ్వాన్యో అనే మతాచార్యుడు తన విజ్ఞాన పత్రికలో దాన్ని తనంతట తానే పాకీపని చేసుకునే యంత్రంగా మెచ్చుకున్నాడు. ఎవరూ ఎత్తిపోయనక్కర్లేని తొట్టె అన్న ఆశ ఈ కట్టడంతో పాటే పుట్టిందన్నమాట.

ఇంగ్లాండులోని ఎక్సెటర్ నగర సర్వేయర్ డొనాల్డ్ కామెరాన్ 1890ల నడుమ ఇలాంటిదే పెద్దగా కట్టి, సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. అందులో పుట్టిన వాయువుతో అక్కడే దీపాలు వెలిగించారు. సూక్ష్మజీవులు మలాన్నంతా కరిగించేస్తాయన్న ప్రచారం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. బ్రిటిష్ రాయల్ కమిషన్ పరిశీలనలో కరిగేది కొంత భాగమేనని తేలింది.

తొట్టెలోకి వచ్చిన మురుగులో బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, కొవ్వు పైన తెట్టు కడతాయి, నడిమి తేట ‘T’ ఆకారపు టీ పైపు గుండా ఇంకుడు గుంతకు పోతుంది. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మడ్డిని తగ్గిస్తాయే తప్ప పూర్తిగా మాయం చేయలేవు. మిగిలిన మడ్డి పెరిగేకొద్దీ మురుగు తొట్టెలో నిలిచే వ్యవధి తగ్గుతుంది. అప్పుడు తేరని మురుగు ఇంకుడు గుంతలోకి చేరి నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. గుంత పొంగినప్పుడు చాలామంది గుంతనే తవ్విస్తారు. తప్పు తరచు తొట్టెది. అందుకే రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలని భారతీయ ఇంజినీరింగ్ మార్గదర్శకాలు చెబుతాయి. టీ పైపు విరిగితే వెంటనే మార్చాలి.

ఈ పని యజమాని బుద్ధికి వదిలేస్తే సాగదని జపాన్ ముందే గ్రహించింది. అక్కడి జొకాసో అనే చిన్న శుద్ధి తొట్టెలకు 1983లో ప్రత్యేక చట్టం చేసి, 1985 నుంచి అమలు చేశారు. గాలి నింపే బ్లోయర్‌ను, క్రిమిసంహారక బిళ్లలను అర్హత పొందిన నిపుణులు చూడాలి. మడ్డి తీయించడం, నీటి నాణ్యతకు అధికారిక తనిఖీ ఏటా జరగాలి. మరుగుదొడ్డి మురుగును మాత్రమే శుద్ధి చేసి వంటింటి, స్నానాల నీటిని వదిలేసే రకాన్ని 2001 నుంచి కొత్తగా పెట్టనివ్వడం లేదు.

భారతదేశంలో మడ్డి తీయడం చాలాకాలం కులం నెత్తిన వేసిన పనిగానే సాగింది. మూత తీసి బకెట్‌తో దిగిన మనిషిని హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, ప్రాణవాయువు కొరత క్షణాల్లో కూల్చేస్తాయి. కాపాడబోయి దిగినవాడూ అలాగే పోతాడు. పాకీపనిపై వచ్చిన 1993 చట్టం ప్రధానంగా పొడి మరుగుదొడ్లను నిషేధించింది. సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దించడాన్ని నేరంగా చేసింది 2013 చట్టం. కోలార్ గనుల ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ సంస్థ వేసిన వ్యాజ్యంలో, 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది.

ట్యాంకు లారీలు వచ్చాక దిగే అవసరం తగ్గింది గానీ, పీల్చిన మడ్డి వాగుల్లో, పొలాల్లో పడసాగింది. వరంగల్ నగరపాలక సంస్థ 2016లో దీనికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మడ్డి లారీలకు లైసెన్సు ఉండాలి, మడ్డిని శుద్ధి కేంద్రానికే చేర్చాలి. లారీని పిలిచే ఇంటివారు లైసెన్సు ఉందా, మడ్డి ఎక్కడికి పోతుందని అడగాలి, లోపలికి మనిషిని మాత్రం దిగనివ్వకూడదు.